పదిహేడో రోజు

ఏటుకూరు దాటి పొలాల్లోకి దిగితే
టార్పాలిన్ పరదాలు కట్టిన రేకుల షెడ్డు.
ఐదు వేల పిల్లలు, ఊక మీద, పసుప్పచ్చ బల్బుల కింద.
పోయిన వారం వచ్చినప్పుడు
ఐదు వేల ముక్కులు ప్లాస్టిక్ పళ్లేల మీద
రేకులపై వాన పడ్డట్టు మోగాయి.
ఇవాళ వాన వెలిసింది.

సలోమి గుమ్మంలోనే ఉంది,
కాళ్లకి సున్నం, చేతిలో బకెట్టు.
"నిన్న నలభై రెండండి. తెల్లారి ఇప్పటికి అరవై.
ఏరేదీ నేనే, కార్డు మీద గీతలు గీసేదీ నేనే.
గీతలకి చోటు చాలట్లేదు."

ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాను.
గింజలు రాలిన మిరపకాయంత బరువు.
కాళ్లు మైనంలా ఉన్నాయి,
ఎరుపు తిరగాల్సిన జుట్టు ఇంకా గోరులా తెల్లగా.
రెక్క ఎత్తితే కింద నీలంగా కమిలిన చర్మం,
సిరా ఒలికిన కాగితం.
కళ్లు మాత్రం మూయలేదది. నన్ను చూస్తూనే ఉంది.
మనిషి చెయ్యి వెచ్చగా ఉంటుందని తప్ప
నా గురించి దానికేమీ తెలీదు.

ఖాళీ దాణా సంచి పరిచి, చచ్చినదాన్ని కోశాను.
రక్తం నీళ్ల చారు.
మెడ పక్కన పూసల్లా ఉండాల్సిన గ్రంథి
పూసలు పోయి దారం మిగిలిన దండ.
తొడ ఎముక చీలిస్తే
ఎర్రగా ఉండాల్సిన మూలుగ
పేరిన నెయ్యి.

"ఇది తాలు," అంది సలోమి నా భుజం మీంచి.

పదకొండేళ్లు మిర్చి కొట్లలో కూచుంది తను.
కబుర్లు చెబుతూనే, చూడకుండానే,
కుప్పలోంచి తెల్లబారిన కాయ తీసి పక్కకేసే వేళ్లు.
"పదమూడో రోజే చెప్పానండి వీరరాఘవయ్య గారికి,
ఈ బ్యాచీ తాలు తిరుగుతోందని.
కోడికి తాలేంటే, అదేమన్నా మిరపకాయా, అని నవ్వాడు.
చలేసిందేమో, బల్బులు పెంచమన్నాడు."

నేను చెప్పాను: వైరస్సు.
మన కంటికి కాదు, మామూలు సూక్ష్మదర్శినికీ ఆనదు.
సున్నానికి జడవదు. మందు లేదు.
తల్లి గుడ్డులోనే పెట్టి పంపింది.

"ఏ తల్లి?"

నిజమే. వీటికి తల్లంటే
చిల్లుల అట్టపెట్టె, వంద చొప్పున.
రాత్రి లారీ, ఆ తర్వాత బల్బు.
అసలు తల్లి ఎక్కడో కంపెనీ షెడ్డులో ఉంది,
దానికేం కాలేదు, గుడ్డు పెడుతూనే ఉంటుంది.
ముందెప్పుడో సోకి పోయుంటే
విరుగుడు కూడా గుడ్డులో కలిపి పంపేది.
ఆ వారమే సోకింది. జబ్బు ముందు బయల్దేరింది,
విరుగుడు వెనకబడింది.

సలోమి కాసేపు ఏమీ అనలేదు.
"నా చిన్నదాన్నీ అట్టాగే పంపా నేను," అంది.
"నర్సమ్మ కింది రెప్ప లాగి చూసి, సూది గుచ్చి,
ఆరు పాయింట్లే రక్తం అంది.
ఆమె ఇచ్చిన మాత్రలు తినబుద్ధి కాక
గేదె కుడితిలో వేశా. గేదె బానే ఉంది."
నవ్వింది. నేను నవ్వాలో లేదో తెలీలేదు.

"మరి మిగిలినయ్యి?"
కొన్ని తేరుకుంటాయి, నాలుగో వారం దాటితే.
ఎదుగుదల ఉండదు. తూకానికి రావు.
"తాలుకీ ధరుంటుందండి యార్డులో.
పారెయ్యరు. వేరే రాశి పోస్తారంతే."
బకెట్టు పక్కన పెట్టి
తూలుతున్నవాటిని ఒక్కొక్కటే ఎత్తి
మూల అట్టల వెనక, నీళ్లకి దగ్గరగా
రాశి పోయడం మొదలుపెట్టింది.

రిపోర్టులో జబ్బు పేరు రాశాను, పొడుగ్గా.
గుర్తించిన తేదీ అని ఒక గడి ఉంది.
ఇవాళ్టిది వేసి, కొట్టేసి,
నాలుగు రోజులు వెనక్కి జరిపాను.

తిరిగొస్తుంటే యార్డు గేటు దగ్గర లారీలు ఆగాయి.
ఘాటుకి రోడ్డంతా దగ్గుతోంది.
బండి అద్దంలోకి వంగి
కింది రెప్ప లాగి చూసుకున్నాను.
ఎర్రగానే ఉంది.
గుంటూరులో అది సాక్ష్యం కాదు.